సమ్మె టెంటులో చదువు

బోర్డు గోడ మీంచి దిగింది గానీ గడప దాటలేదు. జగదీశ్వర్ ఒక కొస పట్టుకొని బయటికి గుంజుతున్నాడు. రమ రెండో కొస పట్టుకొని లోపలికి గుంజుతోంది. నిన్న పిల్లలకు వేసి చూపిన లెక్క సగం చెరిగి, ఆ సుద్దంతా జగదీశ్వర్ అంగీకి అంటింది.

"ఇడువు" అన్నాడతను.

"నువ్వు ఇడువు."

మంచం మీద చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న సారవ్వ తలెత్తకుండానే, ఇద్దరిలో ఎవరో ఒకరు వదలండని, వదలకపోతే ఆ చెక్క తెచ్చి తన నెత్తిన వేసి ఇద్దరూ చల్లబడండని కొడుకునూ కోడలినీ కలిపి దీవించింది.

పొద్దున వచ్చిన పిల్లలను వచ్చినట్టే జగదీశ్వర్ గేటు దగ్గర నుంచే తిప్పి పంపాడు. అందరూ పోయారు. నల్లా గద్దె మీద అనసూర్య ఒక్కతే, పుస్తకాల సంచి ఒళ్ళో పెట్టుకొని, నీళ్ళు రాని నల్లా వంక చూస్తూ కూచుంది. పదో తరగతి పిల్ల. పొమ్మంటే పోయే రకం కాదు.

సకల జనుల సమ్మె మొదలై దసరా కూడా దాటిపోయింది. బొగ్గుబాయిలు బంద్, బస్సులు బంద్, బడులు బంద్. రమ పాఠాలు చెప్పే ప్రైవేటు బడికీ తాళం పడింది. ఊరికే ఇంట్లో కూచున్న టీచరమ్మ దగ్గరికి తెలియని లెక్క అడగడానికి నలుగురు పిల్లలు వచ్చారు. ఆ నలుగురు మరో నలుగుర్ని పిలుచుకొచ్చారు. ఇప్పుడు క్వార్టర్ ముందు గది చాలక వంటింటి గుమ్మం దాకా కూచుంటున్నారు. నిన్న సాయంత్రం చౌరస్తాలో సమ్మె టెంటు మైకు దాకా ఆ సంగతి పోయింది.

"పేరువెట్టి చెప్పలే. చెప్పినా మంచిగుండు" అన్నాడు జగదీశ్వర్. "ఒక నాయకుని ఇంట్లనే సమ్మె తప్పుతున్నరన్నరు. అందరు నా మొకమే చూసిండ్రు. ఇగ రేపు బాయి గేటు కాడ నేను ఎవన్ని ఆపుత, ఏం మొకం వెట్టుకొని ఆపుత?"

"నాకు జీతమెవడన్న ఇస్తున్నడా? నేను బడికి పోతున్ననా? ఇంటికొచ్చిన పోరగాండ్లకు చెప్తున్న. అది సమ్మె తప్పుడెట్లయితది?"

"చదువు చెప్పుడు నీ డ్యూటీ. డ్యూటీ బంద్ అంటే బంద్."

అతని తప్పు కూడా కాదది. కాలనీలో ఎవరిని అడిగినా అదే లెక్క చెబుతారు. సైరన్ కూస్తే దిగడం, మళ్ళీ కూస్తే ఎక్కడం, మధ్యలో చేసింది డ్యూటీ. చదువును కూడా అందులోనే వేశారు. బడిగంటకు లోపలికి, ఇంటిగంటకు బయటికి, చివర్లో ఒక కొలువు. ఆ కొలువు కూడా చదువుతో వచ్చేది కాదని కాలనీ మగపిల్లలకు మీసాలు రాకముందే తెలుసు. నాయన ఊపిరితిత్తులు చెడి డాక్టర్లు అన్‌ఫిట్ అని రాస్తే కొడుక్కి వచ్చేది. అందాకా పొద్దుపోవడానికి ఒక కాలేజీ.

తెలంగాణ రానిమ్మన్నాడు జగదీశ్వర్. వస్తే కొలువులొస్తాయి, కొలువులొస్తే అందరూ చదువుతారు, ముందుది ముందు, వెనకది వెనక అన్నాడు.

"కొలువు కోసమే చదువైతే నువ్వన్నదే నిజం" అంది రమ. "కొలువు లేని నాడు చదువుకు తాళమేసి, ఉన్న నాడు తీసుకోవచ్చు. చదువు దానికోసమేనని నీకెవరు చెప్పిండ్రు?"

"మరి దేనికి? నేను చదివిన గదా. ఏమొచ్చింది నాకు?"

అప్పుడన్నది రమ. అనకుండా ఉండాల్సిన మాటే.

"నువ్వు చదివింది సగం. మామయ్య దమ్ము పోయి అన్‌ఫిట్ అయితే, డిగ్రీ నడుమ ఇడిసిపెట్టి బాయిల తట్ట పట్టినవ్. నీ తప్పు కాదు. కని అప్పటి సంది నీకు చదువు మీద కోపం. ఆ కోపం ఇయ్యాల నా బోర్డు మీద తీస్తున్నవ్."

జగదీశ్వర్ చేతులు వదిలేశాడు. బోర్డు కొస టప్పున గడప మీద పడి మూల విరిగింది. అతను ఆ వంక చూడలేదు. బయటికి పోయి చేతులు అంగీకే తుడుచుకొని, నల్లా దగ్గర కూచున్న పిల్లను ఒకసారి చూసి గేటు దాటాడు.

సారవ్వ ఈనెలు తీయడం ఆపింది.

"గా మాట అనొద్దుండె బిడ్డా."

"తెలుసత్తా."

ముసలిది మళ్ళీ కాయలు చేతిలోకి తీసుకుంది. "అబద్ధమైతే కాదు" అంది కాసేపటికి, కాయతో చెప్పినట్టు.

*

మధ్యాహ్నం భూపాల్ సార్ వచ్చాడు. సర్కారు హైస్కూలు టీచరు, కాలనీ సమ్మె కమిటీకి పెద్ద. అన్నిటికీ మించి, కమాన్‌పూర్ బడిలో రమకు సోషల్ చెప్పిన మనిషి. సందేహం వచ్చినప్పుడు చెయ్యెత్తడం ఆయన దగ్గరే నేర్చుకుంది. అందుకే ఆయన వస్తే ఆమెకు ఇప్పటికీ లేచి నిలబడటం అలవాటు. ఈ రోజు కూడా లేచింది. కానీ కూచోమనేదాకా ఆగలేదు.

సారవ్వ చాయ్ ఇచ్చింది. ఆయన కోపంగా రాలేదు. అదే కష్టమైంది రమకు. వేల మంది టీచర్లు జీతాలు వదులుకొని రోడ్ల మీద కూచున్నారని, ప్రైవేటు బడుల యజమానులు తాళాలు తియ్యడానికి ఒక సాకు కోసం చూస్తున్నారని నిదానంగా చెప్పాడు.

"నువ్వు ఈ గదిల చెప్తున్నవ్. రేపు వాళ్ళు నీ పేరు చెప్పి పెద్ద పెద్ద బిల్డింగులు తెరుస్తరు. సమ్మెల ఉన్న టీచరమ్మనే చెప్పంగ మాకేందంటరు. అప్పుడు సమ్మె ఏడ మిగుల్తది రమా?"

అది తీసిపారేసే మాట కాదు. ఆమె కూడా బతుకమ్మను రోడ్డు మీద పెట్టి ఆడిన మనిషే. రాష్ట్రం రావాలని ఆమెకు తక్కువేమీ లేదు.

"సార్, మా నాయిన బుచ్చన్న మీకెరుకే గదా. పంపు ఆపరేటర్. ఎన్ని సమ్మెలైనా డ్యూటీకి పోయేటోడు. యూనియనోళ్ళే గేటు కాడ తొవ్వ ఇచ్చి పంపేది. ఎందుకు సార్?"

"పంపు ఆగితే బాయి నీళ్ళతోని నిండుతది గనుక."

"ఈ సమ్మెల సుత పంపుల కాడ మనుషులున్నరు. వాళ్ళను ద్రోహులని మైకుల అంటున్నరా?"

భూపాల్ సార్ నవ్వాడు. అది వేరన్నాడు. బాయి మునిగితే సమ్మె గెలిచిన తెల్లారి దిగడానికి బాయే ఉండదు కదా అన్నాడు.

"నేను గదే అంటున్న."

"పిల్లలు మునుగరు రమా. సమ్మె అయిపోయినంక ఆదివారాలు సుత నడిపి సిలబస్ పూర్తి చేస్తం."

"సిలబస్ పూర్తయితది సార్. పిల్లలు వాపస్ రావాలె గదా."

అప్పుడు పత్తి సంగతి చెప్పింది. చేలల్లో పత్తి పగిలింది. ఏరేవాళ్ళు చాలక రోజూ కమాన్‌పూర్ నుంచి ఆటోలు వచ్చి కాలనీ మలుపులో ఆగుతున్నాయి. బడి లేదు, ఇంట్లో జీతం లేదు, ఆడపిల్ల ఖాళీగా ఉంది. రమ క్లాసులోంచే ఇప్పటికి ముగ్గురు ఆ ఆటో ఎక్కారు. తర్వాత వంతు అనసూర్యది.

"ఒక్కపారి పత్తి కైకిలికి పోయిన పోరి మళ్ళ సంచి పడుతదా సార్? మా తరగతిల ఎంతమంది ఆడివిల్లలం మొదలువెట్టినం, పదికొచ్చేటాళ్ళకు ఎవరెవరం మిగిలినం, మీకు యాదికి లేదా?"

యాదికి ఉన్నట్టే ఉంది. ఆయన చాయ్ గ్లాసును చేతిలో తిప్పుతూ కూచున్నాడు.

ఆయనకు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఈ కొద్ది రోజుల్లో, గంట లేకుండా, పరీక్ష భయం లేకుండా చెబుతుంటే పిల్లలు అడగడం మొదలుపెట్టారు. బడిలో ఉన్నప్పుడు వాళ్ళు అడిగింది ఒక్కటే, ఇది పరీక్షకు వస్తుందా అని. ఇప్పుడు బొగ్గు ఎందుకు మండుతుందో, రాళ్ళు ఎందుకు మండవో అడుగుతున్నారు. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకొని రమ కూడా వెతుకుతోంది. ఇన్నేళ్ళు తను చెప్పింది చదువేనా అన్న అనుమానం కూడా పుట్టింది. ఆ మాట ఎవరితోనైనా చెప్పుకోవాలనుకుంటే, ఎదురుగా ఉన్న ఈ ఒక్క మనిషితోనే చెప్పుకోవాలి. కానీ ఆయన ఆ పని మీద రాలేదు.

భూపాల్ సార్ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు అడిగినవన్ని న్యాయమే. కని అందరం కలిసి ఒకటనుకున్నంక ఎవరి న్యాయం వాళ్ళు నడుపుకుంటే ఏదీ నిలువదు. రేపు పొద్దున టెంటుల జగదీశ్వర్ మైకు పట్టుకొని చెప్తడు, మా ఇంట్ల క్లాసు బందైందని."

"ఆయన ఒప్పుకున్నడా?"

"అడిగిందే ఆయన. నేనే చెప్త సార్ అన్నడు."

ఆయన పోయాక సారవ్వ గ్లాసు తీసుకెళ్ళి కడిగింది. ఒక్క గ్లాసు కడగడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

*

పొద్దు వాలుతుండగా అనసూర్య తండ్రి ముత్యం వచ్చాడు. జగదీశ్వర్‌తో ఒకే షిఫ్టులో బాయి దిగేవాడు, వరసకు బావమరిది. జగదీశ్వర్ ఇంట్లో లేడని తెలిసి వెనక్కి పోబోయి, మళ్ళీ తిరిగి గేటు పట్టుకొని నిలబడ్డాడు.

రేపు మధ్యాహ్నం ఆటో వస్తుందని చెప్పాడు. అన్న చేనులో పత్తి నేల రాలుతోందట, మనుషులు దొరకడం లేదట. బిడ్డ అక్కడే పెద్దమ్మ ఇంట్లో ఉండి ఏరుతుందట. సంక్రాంతి దాకానేనట. ఆ మాట అతను రమ మొహం చూడకుండా, గేటుకున్న తుప్పు గోటితో గీకుతూ చెప్పాడు.

"బడి నడిచినన్ని దినాలు పంపనన్న చెల్లె. నీకిచ్చిన మాట తప్పలే. ఇప్పుడు బడి లేకపాయె."

"బడి ఉన్నదన్నా."

"ఏడున్నది?"

రమ వెనక్కి తిరిగింది. వెనక గదిలో విరిగిన మూలతో బోర్డు గోడకు చేరబడి ఉంది. ముత్యం అటు ఒకసారి చూసి, పాపం అన్నట్టుగా తలూపి పోయాడు.

జగదీశ్వర్ చీకటి పడే వేళకు వచ్చాడు. తల్లి పెట్టింది తిన్నాడు. పప్పులో ఉప్పు లేదు. అడగలేదు, రమ ఇవ్వలేదు. కంచంలో చెయ్యి కడుక్కున్నాక, ఎదుటి గోడతో చెప్పినట్టు అన్నాడు.

"రేపు మైకుల చెప్త."

"చెప్పు. మన ఇంట్ల క్లాసు బందని చెప్పు."

అతను తల తిప్పి చూశాడు. కొట్లాటకు సిద్ధమై వచ్చిన మనిషికి అవతలి మనిషి దారి ఇస్తే ఎటు అడుగెయ్యాలో తెలియదు.

"గంతేనా?"

"గంతే."

"నీ తల్కాయల ఏమున్నది రమా?"

రమ కంచం తీసుకొని వెళ్ళిపోయింది.

*

మర్నాడు బోర్డు గడప దాటింది. ముందు కొస రమ పట్టుకుంది. వెనక కొస పట్టడానికి పిల్లలను పిలవబోతే, అప్పటికే సారవ్వ కొంగు నడుముకు చుట్టి వంగింది. ఈ వయసులో నీకెందుకత్తా అంటే, పెండ్లికి ముందు తానూ బడికి పోదామనుకున్నదేనని, దూడలు కాయడానికి పంపారని, ఇన్నాళ్ళకు బడే ఇంట్లోకి వస్తే దాన్ని కొడుకు గోడ మీంచి పీకాడని, ఇంక బరువు గురించి తనకు చెప్పొద్దని అంది. కాలనీ రోడ్డు మీద అత్త వెనక, కోడలు ముందు, నడుమ బోర్డు, చుట్టూ పిల్లలు. వాకిట్లో చిమ్ముతున్న ఆడవాళ్ళు చీపుర్లు ఆపి చూశారు. ఇద్దరు ముగ్గురు చీపుర్లు పక్కన పెట్టి వెంట నడిచారు.

టెంటులో అప్పుడే దీక్షకు కూచున్నవాళ్ళ మెడల్లో దండలు పడుతున్నాయి. వేదికకూ జనానికీ నడుమ ఖాళీ ఉంది. రమ అక్కడ బోర్డును ఒక కుర్చీకి ఆనించి, పిల్లలను మ్యాట్ మీద కూచోబెట్టింది. అనసూర్య మొదటి వరసలో కూచుంది. వెనక గుంపులో ముత్యం ఉన్నాడు. ఆటో వచ్చేదాకా ఇంకెక్కడుంటాడు.

భూపాల్ సార్ వేదిక దిగి వచ్చాడు. గొంతు పెంచలేదు.

"రమా, ఇది సమ్మె టెంటు."

"బడులు బంద్ గదా సార్, గందుకే ఇక్కడికొచ్చినం. సమ్మె అందరిదైనంక పిల్లలది సుత. వాళ్ళకు సమ్మె పాఠమే చెప్త."

ఆయన ఇంకేదో అనేలోపు జనంలోంచి ఒక ముసలి కార్మికుడు, చెప్పనీయండి సారూ, మీ భాషణాలు రోజూ వింటూనే ఉన్నామన్నాడు. టెంటంతా నవ్వింది. ఆ నవ్వులో రమ సుద్ద తీసి బోర్డు మీద రాసేసింది: ఏది ఆగితే ఏమవుతుంది?

పిల్లలు ఒకరొకరే లేచారు. బొగ్గు ఆగితే రైలు డబ్బాలు ఖాళీగా నిలబడతాయన్నాడొకడు. డబ్బాలు నిలబడితే కరెంటు తయారుకాదు, కరెంటు లేకపోతే పట్నంలో పెద్దల ఇళ్ళలో చల్లగాలి ఆగుతుందన్నాడు ఇంకొకడు. చప్పట్లు పడ్డాయి. బస్సులు ఆగితే, ఆఫీసులు ఆగితే... ప్రతి జవాబుకూ చప్పట్లే. వేదిక మీద మైకు పక్కన నిలబడ్డ జగదీశ్వర్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. అతను భార్యను చూడటం లేదు. తల్లిని చూస్తున్నాడు. సారవ్వ పిల్లల వెనక మ్యాట్ మీద బాసింపట్టు వేసుకొని, అక్షరం రాకపోయినా, రాసేవాళ్ళ వేళ్ళ వంకే చూస్తోంది.

భూపాల్ సార్ సైగ చేశాడు. జగదీశ్వర్ మైకు అందుకున్నాడు. ఇయ్యాల్టి నుంచి తమ ఇంట్లో క్లాసు నడవదని అన్నాడు. నాలుగు మాటలే. గొంతు సాఫీగానే ఉంది. కొన్ని చప్పట్లు వినబడ్డాయి. అవి కూడా ఎందుకో నడుమనే ఆగిపోయాయి. అతను మైకు తిరిగి ఇవ్వడం మరిచిపోయి, పట్టుకొని అలాగే నిలబడ్డాడు.

మ్యాట్ మీద ఒక చెయ్యి లేచింది. అనసూర్యది.

"టీచర్, నాకొకటి సమజ్ కాలే."

"నన్ను కాదు. సార్‌ను అడుగు. నాకు సుత అడుగుడు నేర్పింది ఆయననే."

పిల్ల లేచి నిలబడింది. సన్నటి గొంతుతోనే అడిగింది.

"బొగ్గు ఆగితే సర్కారుకు నొప్పి సార్. బస్సు ఆగితే సర్కారుకు నొప్పి. మా బడి ఆగితే ఎవలికి నొప్పి?"

భూపాల్ సార్ ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి. ప్రశ్న వచ్చాక పక్కకు తప్పుకోవడం ఆయనకు చేతకాదు. కొంచెం ఆలోచించి నిజాయితీగానే చెప్పాడు. "మీ తల్లిదండ్రులకు బిడ్డా. పిల్లల చదువు పోతున్నదని వాళ్ళు పరేషాన్ అయితే సర్కారు దిగొస్తది."

"మా నాయిన పరేషాన్ కాలే సార్. పత్తి ఏరనీకి ఆటో మాట్లాడిండు."

ఎవరూ నవ్వలేదు. చప్పట్లు కొట్టడానికి ఎత్తిన ఒకటి రెండు చేతులు ఒళ్ళోకి దిగిపోయాయి. భూపాల్ సార్ పక్కనున్న కుర్చీ వీపు పట్టుకున్నాడు.

వెనక గుంపులో కదలిక పుట్టింది. ముత్యం లేచాడు. నల్లబడ్డ మొహంతో, కూచున్నవాళ్ళ భుజాలు దాటుకుంటూ ముందుకు వస్తున్నాడు. నలుగురిలో పరువు తీసిన బిడ్డ వంకే చూస్తున్నాడు. కొందరు కాళ్ళు ముడుచుకొని దారి ఇచ్చారు. అనసూర్య కూచోలేదు. పారిపోలేదు కూడా.

మైకు కింద పెట్టిన చప్పుడు టెంటంతా వినిపించింది. జగదీశ్వర్ వేదిక దిగి, మ్యాట్ అంచున, ముత్యం రాబోయే తోవలో నిలబడ్డాడు. ఎందుకు దిగాడో అతనికే తెలిసినట్టు లేదు.

ముత్యం వచ్చి అతని ఛాతీ మీద చెయ్యి పెట్టాడు.

"జరుగు బావా. అది నా బిడ్డ."

జగదీశ్వర్ జరగలేదు. టెంటులోకి వచ్చాక మొదటిసారి వెనక్కి తిరిగి రమ మొహం చూశాడు, ఇప్పుడేం చెయ్యాలో చెప్పమన్నట్టు.

రమ అతని వైపు చూడలేదు. సుద్ద అంటిన చేతిని అనసూర్య భుజం మీద వేసింది.

"ఇంకోపారి అడుగు బిడ్డా" అంది. "ఎనుకున్నోళ్ళకు ఇనవడలే."